అవతలి గట్టు మీద సైకిల్ దారి

(వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



 

ప్రతి ఏడాది ఈ సభలో స్కాలర్‌షిప్పుల గురించి, కుట్టుమిషన్ల గురించి, రంజాన్ రేషన్ గురించి మాట్లాడుకుంటాం. ఆ లెక్కలన్నీ ఈ సంచికలో వేరే పేజీల్లో ఉన్నాయి. ఇవాళ మేము ఒక్క విషయమే తీసుకున్నాం. హైస్కూలు పిల్లలకు మనం ఇచ్చే సైకిలు ఏ దారిన వెళ్తోంది? ఆ దారి ఎలా ఉండాలి? దానికి మనం ఏం చెయ్యగలం?

సైకిళ్లు పంచిన రోజున ఒక తల్లి మాతో అంది: "సైకిలు ఇచ్చారండీ, సంతోషం. మరి హైవే దాటించేదెవరండీ?" ఆమె ఫిర్యాదుగా అనలేదు. కూతుర్ని పంపాలా వద్దా అని తేల్చుకోలేక అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు దొరికితేనే ఆ సైకిలు ఇంటి వసారా దాటి బయటికొస్తుంది.

ఆడపిల్లల చదువుకు సైకిలు ఎంత సాయమో ఇప్పుడు కొత్తగా రుజువు చెయ్యక్కర్లేదు. బీహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాన్ని పరిశీలించి, హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని లెక్క తేల్చారు. పక్కనే తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటే వేలాది మంది పల్లె స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. వారిలో మన ముస్లిం స్త్రీలు కూడా ఉన్నారు. మన రాష్ట్ర ప్రభుత్వం కూడా 'బడికొస్తా' పేరుతో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చింది. సైకిలు మీద నెమ్మదిగా తొక్కినా గంటకు 12 కిలోమీటర్లు పోవచ్చు. అంటే 5 కిలోమీటర్ల అవతలున్న హైస్కూలు 25 నిమిషాల దూరం. ఆటో కోసం ఎదురుచూపులు ఉండవు, పదిమంది ఎక్కిన ఆటోలో వేలాడనక్కర్లేదు, నెల తిరిగేసరికి చార్జీ ఇవ్వక్కర్లేదు.

సైకిలు పిల్లలకే అనుకోవద్దు. తెల్లవారుజామున ఫజర్ నమాజుకు బయల్దేరే మన ముసలివాళ్లు, ఊరూరా పరుపులు కుట్టడానికి వెళ్లే దూదేకుల సోదరులు, గాజులు, బట్టలు మూటకట్టి అమ్ముకునేవాళ్లు, పాత ఇనప సామాన్లు కొనేవాళ్లు, కొబ్బరి వలుపుకు వెళ్లే కూలీలు, చేపలబుట్ట వెనక కట్టుకొచ్చే గంగపుత్రులు, వీళ్లందరి బతుకుతెరువు రెండు చక్రాల మీద నడుస్తోంది. సఖినేటిపల్లి రేవులోనో కోటిపల్లి రేవులోనో పంటు ఒడ్డుకు చేరినప్పుడు చూడండి, సైకిళ్లు నడిపించుకుంటూ దిగేవాళ్లు కనిపిస్తారు. బీద మనిషి బండి అది. అది సురక్షితంగా నడిచే దారి బీద మనిషికి మనం చేసే సాయం.

ఇప్పుడు మన నేల సంగతి చూద్దాం. సైకిలుకు కోనసీమంత అనువైన నేల తక్కువ. గౌతమికీ వసిష్ఠకీ మధ్య అరచెయ్యిలా పరిచిన భూమి. వంతెనలెక్కేచోట తప్ప ఎత్తుపల్లాల్లేవు. ఎండకు కొబ్బరిచెట్ల నీడ ఉంది. ఊరికీ ఊరికీ మధ్య రెండు మూడు కిలోమీటర్లు మించదు. ప్రపంచంలో ఇలాంటి నేలే ఇంకొకటుంది, నెదర్లాండ్స్. అదీ నదులు సముద్రంలో కలిసేచోట ఏర్పడ్డ డెల్టాయే, అక్కడా కాలువలూ గట్లే. ఇవాళ ఆ దేశంలో జనం చేసే ప్రతి నాలుగు ప్రయాణాల్లో ఒకటికి పైగా సైకిలు మీదే.

వాళ్లకు సైకిలంటే పుట్టుకతో వచ్చిన ప్రేమ అనుకుంటే పొరపాటు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అక్కడా కార్లు పెరిగాయి, సైకిళ్లు పక్కకు నెట్టబడ్డాయి. 1971లో ఆ చిన్న దేశపు రోడ్ల మీద 3 వేల మందికి పైగా చనిపోయారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. అప్పుడు తల్లిదండ్రులు వీధుల్లోకొచ్చారు. 'పిల్లల హత్య ఆపండి' అన్నదే వాళ్ల ఉద్యమం పేరు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఊరి తర్వాత ఊరు సైకిలుకు వేరే దారులు వేసుకుంటూ వచ్చింది. అడిగినవాళ్లు మామూలు తల్లులూ తండ్రులే. మనలో రోడ్డు మీద బిడ్డను పోగొట్టుకున్న ఇళ్లున్నాయి. వాళ్ల ఎదుట ఇంతకంటే ఎక్కువ చెప్పక్కర్లేదు. మన దేశంలో 2022 ఒక్క ఏడాదిలోనే రోడ్డు ప్రమాదాల్లో 1,68,000 మందికి పైగా చనిపోయారు.

మనం మొదటినుంచీ కొత్తగా కట్టాల్సింది చాలా తక్కువని మా ఉద్దేశం. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. ఆ నీళ్లే బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టా కాలువలో దిగి, లొల్ల లాకుల దగ్గర చీలి మన ఊళ్లకొస్తున్నాయి. పి.గన్నవరం దగ్గర అక్విడెక్టు మీదుగా వైనతేయను దాటి రాజోలు వైపు పోతున్నాయి. ఆ కాలువల్లో ఒకప్పుడు పడవలు నడిచేవి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. అంటే కాలువ గట్టు పుట్టినప్పటి నుంచీ మనిషి నడిచే దారే. లాకు నుంచి లాకుకు, ఊరి నుంచి ఊరికి తెగకుండా సాగే దారి.

ఇవాళ చాలా చోట్ల ఏం జరిగిందంటే, కాలువకు ఒక గట్టు మీద తారు రోడ్డు పడింది. బస్సులు, లారీలు, టిప్పర్లు, ట్రాక్టర్లు అన్నీ దాని మీదే. రెండో గట్టు మట్టి దారిగా మిగిలిపోయింది. కొంతదూరం నడుస్తుంది, తర్వాత తుమ్మకంప, ఆ తర్వాత కొబ్బరి డొక్కల గుట్ట, ఇంకాస్త పోతే వానకు కోసుకుపోయిన గండి. పిల్లలు చేసేది లేక వంతెన దాటి లారీల గట్టు మీదికొస్తున్నారు. ఆ అవతలి గట్టును ఊళ్లను కలిపే సైకిల్ దారిగా తీర్చిదిద్దుకోవాలన్నదే మేము ఈ సభ ముందు పెడుతున్న ఆలోచన.

అన్ని రోడ్లకూ ఒకే మందు పనిచెయ్యదు కాబట్టి మన రోడ్లను మూడు రకాలుగా చూద్దాం.

మొదటిది ఊళ్లోని వీధి. ఇక్కడ వేరే సైకిల్ దారి అక్కర్లేదు, బళ్ల వేగం తగ్గితే చాలు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. డ్రైవరు పిల్లను చూసి బ్రేకు మీద కాలు వేసేలోగానే అంత దూరం అయిపోతుంది. 30 కిలోమీటర్ల వేగమైతే అది 8 మీటర్లే. మనుషులూ బళ్లూ కలిసి తిరిగే చోట 30కి మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇందుకే. వేగం తగ్గించడానికి మన ఊళ్లలో రాత్రికి రాత్రి వేసే స్పీడ్ బ్రేకర్లు సైకిలువాణ్ణి పడేస్తున్నాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు. అంటే చేప వీపులా మెల్లగా లేచి మెల్లగా దిగాలి. మీ వీధిలో వేయించేటప్పుడు ఈ కొలత గుర్తుపెట్టుకోండి. పక్కన సైకిలు పోయేంత ఖాళీ కూడా వదలమనండి.

రెండోది కాలువ గట్టు. ఇక్కడి దారి సంగతి కాస్త వివరంగా చెప్తాం.

సైకిల్ దారికి కనీసం 2 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే చెప్పింది. ఎదురెదురుగా వచ్చే ఇద్దరు ఒకరినొకరు తగలకుండా పోవడానికి అంత కావాలి. గట్టు మీద ఇంకో జాగ్రత్త ఉంది. దారి అంచుకూ నీళ్లవైపు వాలుకూ మధ్య ఖాళీ ఉండాలి, ఆ వారన మోకాలెత్తు సున్నం కొట్టిన రాళ్లో, దట్టంగా పెరిగే మొక్కల వరసో ఉండాలి. చీకట్లో తొక్కేవాడికి కాలువ ఎక్కడుందో తెలియాలి. మలుపుల దగ్గర వెలుగు తగిలితే మెరిసే స్టిక్కర్లు అంటించిన కొయ్యలు పాతితే ఖర్చు తక్కువ, ఉపయోగం ఎక్కువ.

దారి పైపొర సంగతి. నల్లరేగడి మట్టి వానకు జారుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. గ్రావెల్ వేసి రోలర్‌తో గట్టిగా తొక్కించి, నీళ్లు నిలవకుండా వాలు ఇస్తే సైకిలుకు సరిపోతుంది. సిమెంటు వేస్తే నున్నగా ఉంటుంది, కానీ మర్నాటి నుంచే దాని మీద ట్రాక్టర్లు దిగుతాయి. అందుకని దారి మొదట్లో, చివర్లో గుంజలు పాతాలి. సైకిలు, మూడు చక్రాల బండి మీద వచ్చే వికలాంగులు పోగలగాలి, ఆటో దూరకూడదు. ఒక గుంజ మాత్రం తీసిపెట్టేలా ఉండాలి. ఎందుకంటే వేసవిలో కాలువలు కట్టేశాక పూడిక తియ్యడానికి పొక్లెయిన్ ఆ గట్టు మీదికే రావాలి. రైతు పని ఆగేలా మనం ఏ దారీ అడగకూడదు.

అలాగే గట్టు మీద ఇళ్లు వేసుకుని బతుకుతున్నవాళ్లున్నారు. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. వాళ్లను లేపించి దారి వెయ్యమని మనం ఎవర్నీ అడగం. ఇళ్లున్నచోట ఆ ముంగిలే దారి అవుతుంది, సైకిళ్లు నెమ్మదిగా పోతాయి. ఇళ్లు దాటాక మళ్లీ దారి సాగుతుంది. ఒకరి గూడు తీసి ఇంకొకరికి వేసే దారి మనకొద్దు.

మూడోది హైవే. యానాం–ఎదుర్లంక వంతెన నుంచి ముమ్మిడివరం, అమలాపురం, రాజోలు మీదుగా దిండి, చించినాడ వైపు పోయే 216 నంబరు జాతీయ రహదారి మనకు తెలిసిందే. ఇక్కడ తెల్లగీత గీసి ఇది సైకిలుకు అనడం మోసం. గీత లారీని ఆపదు. హైవే వెంట పోవలసిన చోట, మధ్యలో మొక్కలో గట్టో అడ్డుండేలా విడిగా దారి ఉండాలి. దాటవలసిన చోట రోడ్డు మధ్యలో కాస్త ఆగి నిలబడే జాగా ఉండాలి. అప్పుడు పిల్ల ఒకసారి ఒకవైపు బళ్లను మాత్రమే చూసుకుని దాటగలుగుతుంది. దాటేచోటుకు ముందే బళ్ల వేగం తగ్గించే ఏర్పాటుండాలి. మనకు ఎవరు హైవే దాటిస్తారని అడిగిన ఆ తల్లికి ఇంజనీర్లు చెప్పగల జవాబు ఇదే.

వంతెనల దగ్గర మరీ కష్టం. అమలాపురంలో ఎర్ర వంతెన, నల్ల వంతెనల దగ్గర బడి వదిలే వేళకు నిలబడి చూడండి. బస్సు, ఆటో, బైకు, సైకిలు అన్నీ ఒకే ఇరుకులోకి దూరుతాయి. కాలువ మీద అక్కడక్కడ నడకకూ సైకిలుకూ మాత్రమే సరిపోయే చిన్న వంతెనలుంటే, పిల్లలు పెద్ద వంతెన జోలికి పోకుండానే అవతలి గట్టు చేరతారు.

ఇవన్నీ ప్రభుత్వ పనులు. ఇక మనుషులుగా మనం మానుకోగలిగినవి కొన్నున్నాయి. కోతల కాలంలో రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తాం, గాలికి బరకాలు లేవకుండా చుట్టూ రాళ్లు పెడతాం, ధాన్యం ఎత్తాక రాళ్లు అక్కడే ఉంటాయి. చీకటిపడ్డాక సైకిలు చక్రం ఆ రాయికే తగులుతుంది. ఇంటి ముందు ఇసక, కంకర రోడ్డు మార్జిన్‌లో పోసి నెలలకొద్దీ ఉంచుతాం. డ్రైను మీద వేసే ఇనప చువ్వలు రోడ్డు పొడవునా ఉంటే సన్నచక్రం వాటి మధ్య ఇరుక్కుంటుంది, అడ్డంగా ఉంటే ఇరుక్కోదు. దారిలోంచి జనానికి హాని చేసేదాన్ని తీసెయ్యడం కూడా సదఖాయేనని మన ప్రవక్త (స) చెప్పిన సంగతి చిన్నప్పుడే మదరసాలో నేర్చుకున్నాం. ఈ సదఖాకు రసీదు పుస్తకం అక్కర్లేదు.

దారులూ వంతెనలూ వెయ్యడం మన పెద్దలకు కొత్త కాదు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో 1578లో మూసీ మీద కట్టిన పురానాపూల్ ఇప్పటికీ నిలిచి ఉంది. దాని మీద నడిచినవాళ్లను ఎవరూ నీదే మతమని అడగలేదు. మనం అడిగే దారి మీద కూడా అన్ని కులాల, అన్ని మతాల పిల్లలు పోతారు. అందుకే ఇది ఒక్క మన సొసైటీ పేరుతో కాకుండా ఊరందరి సంతకాలతో అడగాలి.

హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో ప్రారంభమైంది. పైన సోలార్ పలకల కప్పు, కింద నున్నటి దారి. చూడముచ్చటగా ఉంటుంది. వ్యాయామానికి వెళ్లేవాళ్లకు మేలే. అయితే మనకు కావలసిన దారి వేరు. ఇంటి గుమ్మం నుంచి బడి గేటు దాకా, మార్కెట్టు దాకా, ఆసుపత్రి దాకా తెగకుండా పోవాలి. నాలుగు కిలోమీటర్లు బాగుండి, చివరి రెండొందల గజాలు లారీల మధ్య వదిలేస్తే ఆ తల్లి కూతుర్ని పంపదు.

మరి ఏం చేద్దాం? ఈ ఏడాదికి మేము నాలుగు పనులు అనుకున్నాం.

ఒకటి, అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు ఒక్కొక్క హైస్కూలు ఎంచుకుని, పిల్లలు ఏ దారిన వస్తున్నారో వాళ్లచేతే పటం గీయిస్తాం. ఎక్కడ భయపడుతున్నారో అక్కడ ఎర్ర చుక్క పెట్టమంటాం. బడికి వచ్చే వేళ, వదిలే వేళ ఎన్ని సైకిళ్లు పోతున్నాయో మన యువకులు నిలబడి లెక్కపెడతారు. లెక్క లేకుండా వెళ్తే ఏ ఆఫీసులోనైనా మన అర్జీ మీద ఇంకో అర్జీ పడుతుంది.

రెండు, ఆ పటంతో ఎవరి దగ్గరికి వెళ్లాలో వాళ్ల దగ్గరికే వెళ్తాం. కాలువ గట్టు జలవనరుల శాఖది. వాళ్ల అనుమతి లేకుండా ఒక్క గుంజ కూడా పాతకూడదు. ఊరి రోడ్లు పంచాయతీరాజ్, పెద్ద రోడ్లు ఆర్ అండ్ బి, హైవే జాతీయ రహదారుల వాళ్లది. వీళ్లందరూ ఒకచోట కూర్చునేది కలెక్టరు అధ్యక్షతన జరిగే జిల్లా రోడ్డు భద్రతా కమిటీలో. 2022లో కోనసీమ జిల్లా అయ్యాక ఆ కలెక్టరేటు అమలాపురంలోనే ఉంది. కాకినాడ దాకా పోనక్కర్లేదు. ముందు గ్రామసభ తీర్మానం చేయించుకుంటే అర్జీకి బలం వస్తుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, ప్రమాణాలు పాటించకుండా వేసిన రోడ్డు వల్ల ప్రాణం పోతే దాని బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. ఎవరినీ బెదిరించడానికి చెప్పడం లేదు. మంచి రోడ్డు అడగడం యాచన కాదని గుర్తుంచుకోవడానికి చెప్తున్నాం.

మూడు, అనుమతి వచ్చిన ఒక్క గట్టును, బడికి దగ్గర్లో ఉన్నదాన్ని, ముందు బాగుచేయిస్తాం. ఒక్కచోట ఒక ఏడాది వానలకు నిలిచి, పిల్లలు రోజూ తొక్కితే, పక్క ఊరివాళ్లు తామే అడుగుతారు.

నాలుగు, మనం ఇచ్చే ప్రతి సైకిలుకూ బెల్లు, బ్రేకు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు చూసి ఇస్తాం. ఏడాదికి రెండుసార్లు మన సైకిలు మెకానిక్కు సోదరులను బడికి పిలిచి ఉచితంగా రిపేరు చేయిస్తాం. వాళ్లకు కూలీ సొసైటీ ఇస్తుంది. తొక్కడం రాని ఆడపిల్లలకూ, తల్లులకూ సెలవుల్లో స్కూలు గ్రౌండులో నేర్పిస్తాం.

దాతలు అడగబోయే ప్రశ్న మాకు తెలుసు. ఏ సొమ్ము దేనికి? జకాత్ సొమ్ము అర్హుడైన మనిషి చేతికే చెందాలని ఎక్కువమంది ఉలమాలు చెబుతారు. కాబట్టి జకాత్‌ను బీద పిల్లకు సొంతంగా ఇచ్చే సైకిలుకు మాత్రమే వాడతాం. గట్టు మీద కొయ్యలు, మొక్కలు, దీపాలు, చిన్న వంతెన, మరమ్మతులు, ఇవి అందరివీ కాబట్టి సదఖా, లిల్లాహ్ నిధి నుంచే ఖర్చుపెడతాం. రెండు ఖాతాలూ విడివిడిగా ఉంటాయి, ప్రతి మూడు నెలలకూ మసీదు నోటీసు బోర్డు మీద పెడతాం.

ఒక విన్నపం కూడా చేసుకుంటున్నాం. వేసే ఖర్చు ఇవ్వడానికి చాలామంది ముందుకొస్తారు, శిలాఫలకం మీద పేరు ఉంటుంది కాబట్టి. ఏటా వానలు వెలిశాక గండి పూడ్చే ఖర్చుకు, తుమ్మకంప కొట్టించే ఖర్చుకు ఫలకం ఉండదు. కానీ దారి బతికేది దానివల్లే. గోదావరి ప్రతి ఏడూ వస్తుంది. 1986 వరదా, 2022 వరదా మనం కళ్లారా చూశాం. అందుకని ఇచ్చేవాళ్లు ఒకేసారి పెద్ద మొత్తం కాకుండా, ఏటా కొంత చొప్పున అయిదేళ్లకు మాట ఇవ్వమని కోరుతున్నాం. దారి ఉన్నన్నాళ్లూ దాని మీద పోయే ప్రతి బిడ్డ అడుగూ మీ ఖాతాలో సదఖయే జారియాగా రాయబడాలని మా దుఆ.

భోజనాల తర్వాత గేటు పక్క బల్ల దగ్గర మన యువకులు రెండు పుస్తకాలు పెట్టుకుని కూర్చుంటారు. ఒకటి చందాలది. ఇంకొకటి మీ ఊరి దారులది. మొదటిదాంట్లో మీకు కుదిరినంత రాయండి. రెండోదాంట్లో మాత్రం ప్రతి ఒక్కరూ, మీ ఊళ్లో పిల్లలు ఎక్కడ సైకిలు దిగి భయంతో నిలబడిపోతున్నారో ఆ చోటు పేరు తప్పకుండా రాసి వెళ్లండి. వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి ఆ పుస్తకం పట్టుకుని మేము బయల్దేరతాం.